క్వాక్ అన్న మాటకు నేను చెప్పిన రెండో అర్థం

కొత్తగా చేరిన ఇంగ్లీషు టీచర్ల కోసం నా అనుభవాలు నాలుగు రాసిమ్మని మా పాత హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు. "మంచివి రాయండి మేడం" అన్నారు కూడా. మంచివి మీకు ఎవరైనా చెప్తారు. నేను ముప్ఫై రెండేళ్ళు పాఠం చెప్పాను కాబట్టి మంచివి నా దగ్గరా ఉన్నాయి. కానీ రిటైరై నాలుగేళ్ళయ్యాక కూడా నాకు పదే పదే గుర్తొచ్చేది ఒక తప్పు. అదే చెప్తాను. మీరు రేపు బోర్డు ముందు నిలబడతారు, మీకే పనికొస్తుంది.

రిటైర్మెంటుకు ఆరేళ్ళ ముందు నన్ను నకరికల్లు దాటాక లోపలికి ఉండే ఒక ఊరి హైస్కూలుకు బదిలీ చేశారు. మా ఇల్లు నరసరావుపేటలో. పొద్దున ఏడున్నరకు ఆర్డినరీ బస్సెక్కి, మెయిన్ రోడ్డు మీద దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో పాలక్యాన్ల మధ్య కూర్చుని బడికి చేరేదాన్ని. ఈ సంగతి నేను చేరిన మూడో వారంలోనే జరిగింది. పిల్లల పేర్లు అప్పటికి సగమే నోటికొచ్చాయి. ఎవరి నాన్న ఏం చేస్తాడో అసలే తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు, అది వేరే తప్పు.

వరి కోతలు అయిపోయిన రోజులవి. సాగర్ కాలువ కింద పొలాల్లో రాలిన గింజలు మేపడానికి బాతుల మందలు తోలుకొచ్చేవాళ్ళు ఏటా వస్తారు. ఆ రోజు ఒక మంద సరిగ్గా మా తొమ్మిదో తరగతి కిటికీల కింద దిగింది. ఎన్ని వందలో తెలీదు. ఆ గోలలో నా గొంతు నాకే వినపడలేదు. పిల్లలందరూ కిటికీల వైపే చూస్తున్నారు. సరే, పుస్తకం మూసేశాను. నాకప్పుడు చానా తెలివైన టీచర్నన్న నమ్మకం ఉండేది. బాతులే వచ్చాయి కదా, బాతులతోనే పాఠం చెప్దామనుకున్నాను.

ఇంగ్లీషులో ఏ జంతువు ఎలా అరుస్తుందో బోర్డు మీద రాసుకుంటూ పోయాను. కుక్క బార్క్, గొర్రె బ్లీట్, బాతు క్వాక్. మన తెలుగులో కుక్క మొరుగుతుంది, గుర్రం సకిలిస్తుంది, కప్ప బెకబెకమంటుంది. అట్లాగే వాళ్ళూ చెవికి ఎట్లా వినపడితే అట్లా మాట కట్టుకున్నారని చెప్పాను. పిల్లలకు పండగైంది. ఒక్కో బెంచీకి ఒక్కో జంతువును పంచిపెట్టాను. పక్క గదిలోంచి తెలుగు మాస్టారు తొంగిచూసి, సంత ఇక్కడికి మార్చారా అన్నట్టు కళ్ళెగరేసి వెళ్ళిపోయారు.

అక్కడ ఆపి ఉంటే ఆ పాఠం నా సర్వీసులోకెల్లా మంచి పాఠమై ఉండేది. కానీ నాకు తెలిసిందంతా చెప్పందే ఊరుకునే అలవాటు లేదు. "ఈ క్వాక్‌కు ఇంకో అర్థం కూడా ఉంది, రాసుకోండి" అన్నాను. డిగ్రీ లేకుండా వైద్యం చేసేవాణ్ణి, దొంగ డాక్టర్ని కూడా క్వాక్ అంటారని చెప్పి, బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీశాను.

వెనక్కి తిరిగేసరికి గదిలో బాతుల చప్పుడు తప్ప ఏమీ లేదు. పిల్లలందరూ రెండో బెంచీ చివర కూర్చున్న అమ్మాయి వైపు చూస్తున్నారు. చివరి బెంచీ నుంచి ఎవడో మెల్లగా "క్వాక్ క్వాక్" అన్నాడు. తరగతి మొత్తం గొల్లుమంది.

నేనూ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలీదు. వాడు బాతులా భలే అన్నాడు కదా అని నవ్వాను. ఆ అమ్మాయి తలెత్తి నా వైపు చూసింది. నవ్వుతున్న నా మొహం చూసి మళ్ళీ తల దించుకుంది.

ఆ మర్నాడు ఆ అమ్మాయి వచ్చింది. ఆ తర్వాతి రోజు కూడా వచ్చింది. మూడో రోజు నుంచి రావడం మానేసింది. నేను హాజరు వేసుకుంటూ పోయానే గానీ పట్టించుకోలేదు. పత్తి తీతలకో మిరపకోతలకో పిల్లలు మానేయడం అక్కడ మామూలే. వారం గడిచాక మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలుగు మాస్టారే సంగతి చెప్పారు. ఆయనది ఈపూరు వైపు రైతు కుటుంబం. నాకంటే మూడేళ్ళు పెద్ద. ఎవర్నీ నొప్పించకుండా గిల్లే విద్య ఆయనకు బాగా వచ్చు. ఆ అమ్మాయి తండ్రి ఆ ఊరి ఆర్‌ఎంపీ అనీ, ఊరంతా ఆయన్ను డాక్టరు గారూ అని పిలుస్తారనీ, ఇప్పుడు పిల్లలు ఆ ఇంటి ముందు నుంచి పోతూ బాతు కూత కూస్తున్నారనీ చెప్పారు. ఎవడో గోడ మీద బొగ్గుతో బాతు బొమ్మ కూడా గీశాడట.

నా నోట్లో ముద్ద అట్లాగే ఉండిపోయింది. "మీరెందుకు ముందే చెప్పలేదు మాస్టారూ" అనడిగాను. మీకు తెలిసే చెప్పారేమో అనుకున్నాను అన్నారాయన. ఆయన నా గురించి అంతమాట అనుకోగలిగారని నాకు ఇంకా బాధేసింది. కానీ మూడు వారాల కొత్త టీచర్ని ఆయన మాత్రం ఇంకెట్లా అనుకుంటారు?

ఆ సాయంత్రం ఆటో వదిలేసి వాళ్ళింటికి వెళ్ళాను. రోడ్డు వైపు గది ఒకటి, అందులో ఒక బల్ల, ఒక చెక్క బెంచీ, అద్దాల బీరువాలో మందులు. ఆయన ఒక రైతు కాలికి కట్టు కడుతున్నాడు. నలభై అయిదేళ్ళు ఉంటాయి. సన్నటి మనిషి, గొంతు కూడా సన్నమే. రైతు వెళ్ళిపోయేదాకా నన్ను కూర్చోమన్నాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

మీ అమ్మాయి అని తెలీక చెప్పానండీ, అని మొదలుపెట్టాను.

"మీరు చెప్పిన అర్థం తప్పా మేడం?" అన్నాడు.

తప్పు కాదు గానీ, అని నసిగాను.

"మరి తప్పు కానిదానికి మీరెందుకు ఇంత దూరం రావడం?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఆయనే చెప్పుకొచ్చాడు. నరసరావుపేటలో ఒక డాక్టరు గారి దగ్గర పదకొండేళ్ళు కాంపౌండరుగా చేశాడట. జ్వరానికి బిళ్ళ, దెబ్బకు కట్టు, నీరసానికి సెలైను, అంతవరకే చేస్తానన్నాడు. ఈ ఊరొచ్చి పద్దెనిమిదేళ్ళు.

"డాక్టరు గారూ అంటే పలికా మేడం. కాదని ఏనాడూ చెప్పలా. పిలిపించుకోవడం బాగుండేది. అది నా తప్పే." లోపలి గది గుమ్మానికి వేలాడుతున్న తెర వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా పాప మొన్న అడిగింది, నాన్నా నువ్వు దొంగ డాక్టరువా అని. ఏం చెప్పాలో నాకు తెలీలా."

ఆ తెర వెనకాల ఆ పిల్ల ఉందని మా ఇద్దరికీ తెలుసు. రమ్మని నేను పిలవలేకపోయాను, ఆయనా పిలవలేదు. లేచేటప్పుడు ఆయన ఒక్క మాటే అడిగాడు. పాపను సోమవారం నుంచి పంపిస్తాననీ, తన పరువు కాపాడ్డానికి పిల్లలకు అబద్ధం మాత్రం చెప్పబాకండనీ.

ఆ ఆదివారం నేను చేసిన పని చెప్తే మీరు నవ్వుతారు. ఇంట్లో ఉన్న డిక్షనరీలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాను. ఆ మాట పుట్టుక దొరికింది. దొంగ డాక్టరుకు ఆ పేరు నేరుగా బాతు నుంచి రాలేదు. పాత డచ్చి భాషలో లేపనాలు అమ్ముకుంటూ తిరిగేవాణ్ణి క్వాక్ సాల్వర్ లాంటి మాటతో పిలిచేవాళ్ళట. సాల్వ్ అంటే లేపనం. ముందున్న క్వాక్ అంటే వాగడం, డప్పు కొట్టుకోవడం. అది కూడా చప్పుడును బట్టి పుట్టిన మాటే. ఇంగ్లీషువాళ్ళు ఆ పొడుగు మాటను తెచ్చుకుని, తోక కత్తిరించి వాడుకున్నారు. అంటే మొదట్లో ఆ తిట్టు, చదువు లేనివాడి మీద కంటే నోరున్నవాడి మీద ఎక్కువన్నమాట. సంతలో మైకు పెట్టి, ఒక్క సీసాతో మోకాళ్ళ నొప్పి నుంచి మూర్ఛ దాకా పోతుందని అరుస్తాడే, వాడి మీద.

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇది చెప్తే ఆయన మచ్చ పోతుంది, అబద్ధమూ కాదు. సోమవారం ఆ అమ్మాయి వచ్చింది. నేను బోర్డు నిండా బాణం గుర్తులు వేసి, డచ్చి దేశం నుంచి ఇంగ్లండుకు, అక్కడి నుంచి నకరికల్లు సంతకు మాటను నడిపించాను. పీరియడ్ మొత్తం అదే. ఆ మాట ఎన్నిసార్లు పలికానో లెక్కలేదు. పలికినప్పుడల్లా ఆ పిల్ల భుజాలు ఇంకాస్త దగ్గరకు ముడుచుకున్నాయి. గంట కొట్టేసరికి బెంచీ మీద తల వాల్చేసింది. నేను బాగా చెప్పాననుకుంటూ బయటికొచ్చాను.

తెలుగు మాస్టారు వరండాలో నిలబడి అంతా విన్నారు. "పుండు మీద డిక్షనరీ పెట్టి కట్టుకడితే మానదు మేడం" అన్నారు.

నాకు రోషమొచ్చింది. ఆయనతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఆయన మాత్రం రోజూలాగే తన క్యారేజీలోంచి కూర నా మూతలో వేస్తూనే ఉన్నారు. తప్పు ఒప్పుకోవాల్సిన చోట నేను మాట పుట్టుక చెప్పొచ్చానని నాకు తెలుస్తూనే ఉంది. ఒప్పుకోవడం ఎట్లాగో తెలీలేదు, అంతే. టీచర్లకు ఆ అలవాటు తక్కువ. మీరు ఇప్పటినుంచే చేసుకోండి.

ఇంకో పది రోజులు పోయాక, ఒక గురువారం మధ్యాహ్నం భోజనాలైన తర్వాత పీరియడ్. అదే తొమ్మిదో తరగతి. బోర్డు మీద రాస్తుంటే దవడ కింద సన్నగా పట్టేసినట్టనిపించింది. అది ఎడమ భుజంలోకి దిగింది. మధ్యాహ్నం తిన్న గోంగూర పచ్చడి పనే అనుకున్నాను. జాకెట్టు చెమటకు తడిసిపోయింది. సుద్దముక్క చేతిలోంచి జారిపోయింది. వంగి తీద్దామంటే వంగలేక కుర్చీలో కూలబడ్డాను. పిల్లలు హెడ్మాస్టరు గారి గదికి పరిగెత్తారు. ఒకడు ఎవరూ చెప్పకుండానే ఆర్‌ఎంపీ ఇంటికి పరిగెత్తాడు. చివరి బెంచీలోంచి బాతు కూత కూసిన పిల్లాడే వాడని తర్వాత తెలిసింది.

ఆయన బండి మీద వచ్చాడు. అప్పటికే తరగతి గుమ్మంలో జనం చేరారు. మా స్టాఫు, మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళు, రోడ్డు మీద పోతున్న ఒకరిద్దరు రైతులు. ఆయన నా చెయ్యి పట్టుకుని నాడి చూశాడు, బీపీ చూశాడు. నొప్పి ఎక్కడ మొదలైంది, దవడలో ఉందా అనడిగాడు. ఉందన్నాను. గ్యాస్ అయ్యుంటుంది, ఒక ఇంజెక్షన్ వేస్తే పోద్ది, అని నేనే చెప్పాను. హెడ్మాస్టరు గారూ అదే అన్నారు. ఆయన సంచీ మూసేశాడు.

మధ్యాహ్న భోజనం బియ్యం చూసుకునే పెద్దమనిషి ఒకాయన వెనక నుంచి విసుక్కున్నాడు. "ఏందయ్యా డాక్టరూ ఆలోచన? సూదెయ్యి."

ఆయన లేచి నిలబడి, అందరికీ వినపడేట్టు చెప్పాడు. "నేను డాక్టర్ని కాదు పెద్దయ్యా. ఇది నాకు తెలిసిన జబ్బు కాదు. తెలిసినోళ్ళ దగ్గరికి పోవాలి, ఇప్పుడే పోవాలి."

ఆ ఊళ్ళో పద్దెనిమిదేళ్ళుగా ఆయన చెప్పని మాట అది. రెండో బెంచీలో నిలబడి ఉన్న ఆయన కూతురు విన్నది. ఆ నొప్పిలో కూడా నేను ఆ పిల్ల మొహం చూడకుండా ఉండలేకపోయాను.

108కి ఫోన్ చేస్తే బండి ఇంకో ఊరు పోయిందన్నారు. ఊళ్ళో ఆటో పిలిచారు. నడుస్తానంటే నడవనివ్వలేదు ఆయన. డ్రిల్లు మాస్టారు, తెలుగు మాస్టారు నన్ను కుర్చీతో సహా మోసుకెళ్ళారు. నేను బరువైన మనిషిని. ఆ తర్వాత వారం రోజులు తెలుగు మాస్టారు నడుం పట్టుకుని తిరిగారట. పక్కన ఆడమనిషి ఉండాలన్నారు. ఇంకో మేడం ఆ రోజు సెలవు. ఎవరూ ఏమీ అనకముందే ఆ అమ్మాయి వచ్చి ఆటోలో నా పక్కన కూర్చుని, నా తల తన భుజానికి ఆనించుకుంది. ఆయన ముందు డ్రైవరు పక్కన వెనక్కి తిరిగి కూర్చుని, నన్నే చూస్తూ, తను పనిచేసిన డాక్టరు గారికి ఫోన్ చేసి మాట్లాడుతున్నాడు. బీపీ ఎంతుందో, నొప్పి ఎప్పుడు మొదలైందో, చెమట ఎట్లా పట్టిందో ఒక్కొక్కటీ చెప్పాడు. తనకేమనిపిస్తుందో మాత్రం చెప్పలేదు.

దారిలో ఆ పిల్ల అడిగింది. "నాన్నా, మేడంకి ఏమైంది?"

"తెలీదమ్మా. తెలీదు గనకే పోతున్నాం."

నాకు భయమేసింది. ఇంక మళ్ళీ మాట్లాడతానో లేదో అని, క్షమించమని ఆయన్ను అడగబోయాను. "మీరు మాట్లాడబాకండి మేడం" అన్నాడు. మళ్ళీ నోరు తెరిస్తే చెయ్యెత్తి ఆపాడు. పాతికేళ్ళు పైగా పిల్లల నోరు మూయించిన నన్ను ఒక మనిషి అంత తేలిగ్గా ఆపడం అదే మొదలు. ఆ పిల్ల మాత్రం నా చెయ్యి వదల్లేదు. దాని అరచెయ్యి కూడా నా చెయ్యిలాగే చెమట పట్టి ఉంది.

నరసరావుపేటలో ఆ డాక్టరు గారి ఆసుపత్రి గుమ్మంలో స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. తర్వాత సంగతులు మీకు అనవసరం. గుండెకు పోయే రక్తనాళం పూడిపోయింది, గుంటూరు తీసుకెళ్ళి స్టెంటు వేశారు, బతికాను. సూది వేయించుకుని స్టాఫ్ రూములో పడుకుని ఉంటే లేచేదాన్ని కాదని ఆ డాక్టరు గారు మా ఆయనతో చెప్పారట. తన పాత కాంపౌండరు గురించి, "వాడికి ఎక్కడ ఆగాలో తెలుసు" అన్నారట.

నేను ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తెలుగు మాస్టారు ఆదివారాలు వచ్చి చూసిపోయేవారు. ఊరి సంగతులు చెప్పేవారు. తెలీదని చెప్పినందుకు ఆయన దగ్గరికి జనం రావడం తగ్గుతుందేమో అని నేను దిగులుపడ్డాను. మొదట్లో కొంచెం తగ్గారట. సూదెయ్యడం రాని డాక్టరని అరుగుల మీద అన్నారట. తర్వాత మళ్ళీ మామూలే. డాక్టరు గారూ అని పిలిస్తే, కాదని చెప్పి, అప్పుడు కట్టు కడుతున్నాడట. జనం విని, తలూపి, వెళ్ళేటప్పుడు మళ్ళీ డాక్టరు గారూ అనే అంటున్నారట.

రెండు నెలల తర్వాత బళ్ళోకి వెళ్ళాను. ఏం చెప్పాలో ఇంట్లో కాగితం మీద రాసుకుని, బస్సులో చింపేశాను. తొమ్మిదో తరగతిలో హాజరు వేశాక, బోర్డు వైపు తిరక్కుండా, ఇంగ్లీషు మాట ఒక్కటీ లేకుండా చెప్పాను. "ఆ రోజు మీరు నవ్వారు, నేనూ నవ్వాను. మీరు పిల్లలు. నేను నవ్వడం తప్పు." ఆ అమ్మాయి పేరు పెట్టి పిలిచి, నన్ను క్షమించమ్మా అన్నాను. అంతే. అర నిమిషం కూడా పట్టలేదు. ఆ సోమవారం బాణం గుర్తులతో పీరియడ్ మొత్తం కష్టపడ్డా చేయలేని పని ఇంతే.

ఆ అమ్మాయి తల ఊపిందో లేదో కూడా నాకు సరిగా కనపడలేదు. పాఠం మొదలుపెట్టాను.

అప్పటినుంచి నేను రిటైరయ్యేదాకా ప్రతి సోమవారం ఆయన బండి మా బడి దగ్గర ఆగేది. బీపీ చూసి, పచ్చళ్ళు తిన్నానో లేదో నా మొహం చూసే కనిపెట్టేవాడు. తినలేదని బుకాయిస్తే, మీ కాళ్ళు చెప్తున్నాయి మేడం, అని వాచిన పాదాల వైపు చూపించేవాడు. మా సంభాషణ అంతకు మించి పెరగలేదు. ఆటోలో అడగబోయిన మాట ఆయన్ను ఒకసారి అడిగేశాను. మీరు పాపకు చెప్పారంట కదా, చాలు, అన్నాడు.

పాపకు చెప్పిన ఆ రోజే ఇంకొకటి జరిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ అమ్మాయి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. రమ్మంటే వచ్చింది. ఇంగ్లీషు పరీక్షలో మీ కుటుంబం గురించి పది వాక్యాలు రాయమని ఇస్తారు కదా, అందులో నాన్న చేసే పని రాయాలంట. డాక్టరని రాయను మేడం, అంది. మీరు చెప్పిన మాట కూడా రాయను.

"మరి మా నాన్న చేసే పనికి ఇంగ్లీషులో మాటేంది మేడం?"

ఇంగ్లీషు టీచరుగా నా సర్వీసులో నన్ను ఎవరు ఏ మాట అడిగినా అక్కడికక్కడే చెప్పాను. తెలీనప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పాను. ఆ రోజు నాలుగైదు మాటలు నోటిదాకా వచ్చాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. ఒక్కటీ ఆ మనిషికి సరిపోలేదు.

"నాకు తెలీదమ్మా" అన్నాను.

ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసింది. తర్వాత కుర్చీ ఒకటి లాక్కుని నా పక్కన కూర్చుని, బల్ల మీదున్న డిక్షనరీ మా ఇద్దరి మధ్యకు జరిపింది.